పోస్టుల వరుసకు అటూ ఇటూ: కాలిఫోర్నియా 91 ఎక్స్‌ప్రెస్ లేన్లను మ్యాపులో చూపించిన తీరుపై ఒక కేస్ స్టడీ

రెండేళ్ల క్రితం అక్టోబరులో ఒక శనివారం ఉదయం ఏడు గంటలకు మా పిన్నిగారి అబ్బాయి కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేశాడు. అక్కడ అప్పటికి శుక్రవారం సాయంత్రం ఆరున్నర. అర్వైన్‌లో ఆఫీసు ముగించుకుని, స్టేట్ రూట్ 55 మీదుగా ఉత్తరానికి వచ్చి, 91 ఫ్రీవే ఎక్కి, వియర్ కాన్యన్ రోడ్డు దగ్గర దిగి స్నేహితుల ఇంటికి భోజనానికి చేరవలసినవాడు, దిగవలసిన ఎగ్జిట్ కళ్ల ముందే వెనక్కి పోతుంటే ఏమీ చేయలేక పక్క కౌంటీ సరిహద్దు దాకా వెళ్లిపోయాడు. “అన్నయ్యా, కుడివైపు లేన్లలోకి మారి ఎగ్జిట్ తీసుకోమని మ్యాపు పదేపదే చెప్పింది. నా కుడిపక్కన చూస్తే వరుసగా పోస్టులు పాతి ఉన్నాయి, సందు లేదు” అన్నాడు. అతని ఫోనులోని యాప్‌కు ఆ రోడ్డు డేటా ఇచ్చింది మా బృందమే.

నేను హైదరాబాద్‌లో ఉంటూ ఉత్తర అమెరికా రోడ్ల డేటాను సరిచూసే ఒక బృందానికి సాంకేతిక బాధ్యత వహిస్తున్నాను. ఆ ఫోన్ తరువాత మేము తప్పుగా ఉన్న ఆ ఒక్క లింకును, అంటే మ్యాపులో ఒక దారి గీతను మరో దారి గీతకు కలిపే చిన్న గీతను, తొలగించి ఊరుకోలేదు. విడదీసిన కార్‌పూల్ లేన్లను మ్యాపులో అసలు ఎలా చూపాలన్న ప్రశ్నను మొదటినుంచీ తిరగదోడాం. ఆ పనిలో మాకు అర్థమైనది ఏమిటంటే, ఇలాంటి లేన్ల విషయంలో గీత ఎక్కడ గీశామన్నదానికంటే, ఒక గీత నుంచి మరో గీతకు ఎక్కడ మారవచ్చన్నదే ముఖ్యం. గీత రెండు మూడు మీటర్లు పక్కకు జరిగినా డ్రైవరుకు కలిగే నష్టం స్వల్పం. లేని చోట ఓపెనింగ్ (ఒక దారి నుంచి మరో దారిలోకి మారే సందు) చూపినా, ఉన్న చోట చూపకపోయినా ప్రయాణమే దారి తప్పుతుంది.

దారి స్వరూపం

అమెరికాలో కార్‌పూల్ లేన్ అంటే ఫ్రీవేలో సాధారణంగా ఎడమ చివర, మధ్య డివైడరును ఆనుకుని ఉండే లేన్. కనీసం ఇద్దరు, కొన్నిచోట్ల కనీసం ముగ్గురు ప్రయాణిస్తున్న వాహనాలకూ బస్సులకూ దాన్ని కేటాయిస్తారు. రోడ్డు మీద తెల్లటి డైమండ్ గుర్తు వేసి ఉంటుంది. గత ముప్పై ఏళ్లలో వీటిలో చాలావాటిని టోల్‌తో కలిపి ఎక్స్‌ప్రెస్ లేన్లుగా మార్చారు. తగినంతమంది ప్రయాణికులున్న కారు ఉచితంగానో తగ్గింపుతోనో వెళుతుంది, ఒంటరిగా వెళ్లే డ్రైవరు పూర్తి టోల్ చెల్లించి వెళతాడు. మన దగ్గర ఫాస్టాగ్ ఉన్నట్టే కాలిఫోర్నియాలో ఫాస్‌ట్రాక్ అనే ట్రాన్స్‌పాండర్ ఉంటుంది. వాటిలో ఒక రకానికి ఒకరు, ఇద్దరు, ముగ్గురు లేక అంతకుమించి అని తిప్పుకునే చిన్న మీట ఉంటుంది.

ఆరెంజ్ కౌంటీలోని 91 ఎక్స్‌ప్రెస్ లేన్లు 1995 డిసెంబరులో మొదలయ్యాయి. ఫ్రీవే మధ్యభాగంలో ఒక్కో దిశకు రెండేసి లేన్లతో, స్టేట్ రూట్ 55 దగ్గర నుంచి రివర్‌సైడ్ కౌంటీ సరిహద్దు వరకు, సుమారు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్ల పొడవున సాగుతాయి. మొదట ఒక ప్రైవేటు సంస్థ నడిపింది. 2003లో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 20.75 కోట్ల డాలర్లకు కొన్నది. 2017 మార్చిలో లేన్లను సరిహద్దు దాటించి కరోనా నగరం మీదుగా ఐ-15 (ఇంటర్‌స్టేట్ 15) హైవే వరకు పొడిగించారు. సాధారణ లేన్లకూ వీటికీ మధ్య కాంక్రీటు గోడ లేదు. పెయింటు గీతల మధ్య వంగే స్వభావం గల ప్లాస్టిక్ పోస్టులు వరుసగా నిలబెట్టారు. కారు తగిలితే పోస్టు విరుగుతుంది, దాని స్థానంలో కొత్తది పెడతారు.

తూర్పుగా వెళ్లే వ్యక్తికి 55 దాటిన తరువాత లేక్‌వ్యూ అవెన్యూ, ఇంపీరియల్ హైవే, వియర్ కాన్యన్ రోడ్డు, 241 టోల్ రోడ్డు, జిప్సమ్ కాన్యన్ రోడ్డు వరుసగా వస్తాయి. ఎక్స్‌ప్రెస్ లేన్లలో ఉన్నవారికి వీటిలో ఏ ఒక్కదాని దగ్గరా దిగే వీలు లేదు. మొదట్లో ఎక్కితే, మళ్లీ సాధారణ లేన్లలోకి రాగలిగేది కౌంటీ సరిహద్దు దగ్గరే. అంటే ఈ 10 మైళ్ల దారి, చూడడానికి 91 ఫ్రీవేలో ఒక భాగంలా కనిపించినా, పనితీరులో మధ్యలో ఎక్కడా ఆగని రైలు లాంటిది. డ్రైవరు ఈ విషయాన్ని ఎక్కేముందే తెలుసుకోవాలి. ఎక్కాక తెలిసినా అప్పటికి చేయగలిగింది లేదు.

లేని లింకు ఎలా పుట్టింది

మా డేటాలో వియర్ కాన్యన్‌కు కొద్దిగా ముందు, ఎక్స్‌ప్రెస్ గీత నుంచి సాధారణ గీతకు ఒక చిన్న లింకు ఉంది. దాన్ని ఎవరు, ఏ ఆధారంతో పెట్టారని ఎడిట్ చరిత్ర తీసి చూశాం. నిర్లక్ష్యంగా చేసిన పని కాదది. ఇద్దరు వేర్వేరు ఎడిటర్లు చూసి, రెండు ఆధారాలు సరిపోలాక ఆమోదించిన మార్పు. ఆ రెండు ఆధారాలూ తప్పే. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే.

మొదటి ఆధారం జీపీఎస్ జాడలు. వాహనాల అజ్ఞాత జాడలను పరిశీలించి, మ్యాపులో లింకు లేని చోట వాహనాలు ఒక గీత నుంచి మరో గీతకు మారుతున్నట్టు కనిపిస్తే “ఇక్కడ లింకు ఉండవచ్చు” అని సూచించే ప్రోగ్రాము మా దగ్గర ఉంది. కొత్త రాంపులు, కొత్త కూడళ్లు కనిపెట్టడంలో అది ఎంతో ఉపయోగపడింది. ఇక్కడ మాత్రం అది మోసపోయింది. ఎందుకో కాగితం మీద లెక్క వేసి చూస్తేగాని నాకూ బోధపడలేదు.

ఒక్కో లేన్ వెడల్పు 12 అడుగులు. ఒకచోట ఐదు సాధారణ లేన్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 60 అడుగులు. మ్యాపులో వాటికి ఒకే గీత, అది సరిగ్గా మధ్యలో, ఎడమ అంచు నుంచి 30 అడుగుల దూరంలో ఉంటుంది. ఎడమ అంచు అవతల పోస్టుల కోసం ఓ 4 అడుగుల జాగా, దాని అవతల రెండు ఎక్స్‌ప్రెస్ లేన్లు, వాటి మధ్యలో రెండో గీత. ఇప్పుడు సాధారణ లేన్లలో అన్నిటికంటే ఎడమ లేన్‌లో ఒక కారు వెళుతోంది. అంచు నుంచి దాని దూరం 6 అడుగులు. తనదైన గీతకు అది 24 అడుగుల దూరంలో ఉంది. తాను వెళ్లని ఎక్స్‌ప్రెస్ గీతకు 22 అడుగుల దూరంలో ఉంది. జీపీఎస్ ఏ మాత్రం పొరపాటు పడకుండా కారును సరిగ్గా ఉన్నచోటే చూపించినా, దగ్గరి గీతను ఎంచుకునే ప్రోగ్రాము ఆ కారును ఎక్స్‌ప్రెస్ లేన్లలో ఉన్నట్టే లెక్కిస్తుంది. ఆపైన స్మార్ట్‌ఫోన్ జీపీఎస్‌కు ఆకాశం తేటగా కనిపించే చోట కూడా దాదాపు 5 మీటర్ల మేర, అంటే 16 అడుగుల మేర తేడా రావడం సహజం. ఆ కారు రెండు లేన్లు కుడికి జరగగానే ప్రోగ్రాము దృష్టిలో అది ఎక్స్‌ప్రెస్ నుంచి సాధారణ లేన్లలోకి “మారింది”. వియర్ కాన్యన్‌లో దిగేవాళ్లంతా ఆ ఎగ్జిట్‌కు ముందు అదే చోట కుడికి జరుగుతారు. అందుకే వందల జాడలు ఒకే చోట పోస్టులను దాటినట్టు కనిపించాయి.

రెండో ఆధారం ఉపగ్రహ చిత్రం. 30 సెంటీమీటర్ల స్పష్టత గల చిత్రంలో పెయింటు గీతలు కనిపిస్తాయి గాని, అరచేతి వెడల్పైనా లేని పోస్టు కనిపించదు. ఎండ ఏటవాలుగా పడిన వేళ తీసిన చిత్రమైతే నీడల వరుస మసకగా తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు అదీ లేదు. పైగా ఆ చిత్రంలో ఆ చోట పెయింటు కొంత మేర అరిగిపోయి ఉంది. ఎడిటర్ దాన్ని ఓపెనింగ్ అనుకున్నారు. రోడ్డు మీద నుంచి తీసిన ఫొటోలు చూసి ఉంటే పోస్టులు స్పష్టంగా కనిపించేవి, కాని రెండు ఆధారాలు ఉంటే చాలన్నది అప్పటి మా నియమం. రెండూ పై నుంచి చూసిన ఆధారాలే అయినప్పుడు వాటిని రెండుగా లెక్కించకూడదన్నది ఈ అనుభవం తరువాత రాసుకున్న నియమం.

ఈ చిక్కు హైదరాబాద్ వాసులకు కొత్తేమీ కాదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీద వెళుతుంటే ఫోను కింది రోడ్డు మీద ఉన్నామనుకుని “కుడికి తిరగండి” అనడం చాలామందికి అనుభవమే. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుకూ దాని సర్వీసు రోడ్డుకూ మధ్య అదే తంటా. అక్కడ ఎత్తో, కంచెతో కూడిన దూరమో కొంత సాయం చేస్తాయి. 91లో రెండు దారులూ ఒకే ఎత్తులో, ఒకే దిశలో, నాలుగడుగుల ఎడంతో నడుస్తాయి.

గీత ఒకటా, రెండా

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి బహిరంగ మ్యాపులో అంగీకరించిన సంప్రదాయం ఒకటుంది. రోడ్డు భౌతికంగా విడిపోయిన చోటే రెండు గీతలు గీయాలి. పెయింటు మాత్రమే ఉంటే ఒకే గీత ఉంచి, లేన్లవారీ ట్యాగులతో (గీతకు జోడించే వివరాలతో) ఏ లేన్ ఎవరికి, ఏ లేన్ నుంచి ఎటు మారకూడదు అన్నది రాయాలి. సూత్రంగా ఇది నాకు నచ్చుతుంది, ఎందుకంటే మ్యాపు నేలను వర్ణించాలి గాని ఏదో ఒక ప్రోగ్రాము సౌకర్యం కోసం నేలను వంచకూడదు. అయితే కార్‌పూల్ లేన్లు ఈ సూత్రాన్ని గట్టిగా పరీక్షిస్తాయి.

ఉత్తర కాలిఫోర్నియాలో చాలా కార్‌పూల్ లేన్లు రద్దీ వేళల్లోనే పనిచేస్తాయి, ఎక్కడైనా లోపలికి రావచ్చు, బయటికి పోవచ్చు. అక్కడ రెండో గీత గీయడం తప్పు. లేన్ ట్యాగుకు వేళలు జోడిస్తే సరిపోతుంది. మరో కొసన, వర్జీనియాలో ఐ-395 మీద షర్లీ హైవే రివర్సిబుల్ లేన్లు కాంక్రీటు గోడల మధ్య ఉంటాయి. ఉదయం వాషింగ్టన్ వైపు, సాయంత్రం వాషింగ్టన్ నుంచి బయటికి నడుస్తాయి. అక్కడ వేరే గీత తప్పనిసరి, దిశ వేళను బట్టి మారుతుందనీ చెప్పాలి. శాన్ డియాగో దగ్గర ఐ-15 ఎక్స్‌ప్రెస్ లేన్లలో మధ్య గోడనే ఒక యంత్రం జరుపుతుంది కాబట్టి ఏ దిశకు ఎన్ని లేన్లన్నదీ స్థిరం కాదు. ఈ రెండు కొసల విషయంలో వాదన అక్కర్లేదు.

వాదనంతా మధ్యలో ఉన్నదాని గురించే. దక్షిణ కాలిఫోర్నియాలో కార్‌పూల్ లేన్‌ను సాధారణ లేన్ల నుంచి జంట గీతలతో వేరుచేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ గీతలు దాటడం చట్టవిరుద్ధం, జరిమానా కనీసం 490 డాలర్లని బోర్డులు హెచ్చరిస్తాయి. చట్టం దృష్టిలో అది గోడ. టైరు దృష్టిలో పెయింటు. ఒకే గీత ఉంచితే రూటింగ్ ఇంజిన్ (దారి ఎంపిక చేసే ప్రోగ్రాము) ఎక్కడైనా మారవచ్చనుకుంటుంది, ఎందుకంటే చాలా ఇంజిన్లు లేన్ మార్పు నిషేధపు ట్యాగును దారి ఎంపికలో లెక్కలోకి తీసుకోవు. రెండు గీతలు గీస్తే, నేల మీద లేని విభజనను మ్యాపు మీద సృష్టించినట్టవుతుంది, పైన చెప్పిన 22, 24 అడుగుల గందరగోళం కూడా నెత్తిన పడుతుంది.

మా బృందంలో దీని మీద నెలల తరబడి చర్చ జరిగింది. చివరికి మూల డేటాను, దాని నుంచి రూటింగ్ కోసం తయారుచేసే గ్రాఫును (గీతలు, కూడళ్ల వలను) వేరుగా చూడాలని నిర్ణయించాం. మూల డేటాలో, పెయింటు మాత్రమే ఉన్న చోట ఒకే గీత, దాని మీద పూర్తి లేన్ ట్యాగులు. గ్రాఫు తయారయ్యేటప్పుడు, జంట గీతల మధ్య దిగలేని ఎగ్జిట్ కనీసం ఒక్కటైనా ఉన్న భాగాన్ని మాత్రం ప్రోగ్రామే రెండు గీతలుగా చీలుస్తుంది. అలాంటి ఎగ్జిట్ లేకపోతే చీల్చడం వల్ల డ్రైవరుకు ఒరిగేదేమీ లేదు. ఈ పద్ధతిలో ఎడిటర్ నేలను ఉన్నదున్నట్టు రాస్తారు, ఇంజిన్ తనకు కావలసిన ఆకారాన్ని తానే తయారుచేసుకుంటుంది. పోస్టులున్న 91ను మాత్రం మూల డేటాలోనే రెండు గీతలుగా ఉంచాం. పోస్టు మెత్తనిదైనా అది భౌతికమైన అడ్డంకే. ఆ నిర్ణయం మీద బృందంలో ఎవరికీ అభ్యంతరం రాలేదు.

ఓపెనింగుల దగ్గర

గీతల సంగతి తేలాక అసలు పని మొదలైంది. ఓపెనింగ్ అంటే మ్యాపులో ఒక బిందువు అని మేము అంతకుముందు అనుకునేవాళ్లం. నేల మీద అది వందల మీటర్ల పొడవుండే ఒక భాగం. అందులో కొందరు లోపలికి వస్తారు, కొందరు బయటికి పోతారు. ఒకరు మొదట్లోనే మారతారు, మరొకరు చివరి క్షణంలో. దీన్ని రెండు లింకులుగా చూపాలి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఆ రెండూ ఒకదానినొకటి దాటేలా గీస్తే, దాటిన చోట నోడ్ (గీతలు కలిసే బిందువు) పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. నోడ్ పెడితే సాధారణ గీత నుంచి బయలుదేరి మళ్లీ సాధారణ గీతకే వచ్చే అర్థం లేని దారి పుడుతుంది. పెట్టకపోతే నాణ్యత పరీక్షించే ప్రోగ్రాములు “ఒకే ఎత్తులో దాటుతున్న గీతలకు కూడలి లేదు” అని ప్రతి వారం ఫిర్యాదు చేస్తాయి, ఏదో ఒక రోజు కొత్త ఎడిటర్ మంచి ఉద్దేశంతో అక్కడ నోడ్ పెట్టేస్తారు.

అందుకని రెండు లింకులను ఓపెనింగ్ పొడవునా ఒకదాని తరువాత ఒకటి పెట్టాలనుకున్నాం. అప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న మిగిలింది. మొదట లోపలికి వెళ్లే లింకు, తరువాత బయటికి వచ్చే లింకు పెట్టి పరీక్షించాం. సాధారణ లేన్లలో రద్దీ పెరిగిన వేళ ఇంజిన్ ఓపెనింగ్‌లోపలే ఎక్స్‌ప్రెస్‌లోకి దూరి, కొన్ని వందల మీటర్లు వేగంగా వెళ్లి, మళ్లీ బయటికి రమ్మని చెప్పింది. నేల మీద అది అసాధ్యం కాదు గాని, అలా చెప్పే మ్యాపు ప్రమాదాలకు కారణమవుతుంది. వరుస తిప్పి, బయటికి వచ్చే లింకును ముందూ లోపలికి వెళ్లే లింకును తరువాతా పెడితే ఆ గంతుకు దారి లేకుండా పోయింది. ఎక్స్‌ప్రెస్‌లో ఉన్న వ్యక్తి బయటికి వచ్చి తిరిగి లోపలికి వెళ్లే దారి మాత్రం గ్రాఫులో ఉంటుంది, కాని అది నేరుగా వెళ్లడం కంటే ఎప్పుడూ నెమ్మదే కాబట్టి ఇంజిన్ ఎంచుకోదు. రాకపోకలు రెండూ ఒకే భాగంలో జరిగే చోట్ల ఇది మా స్థిర నియమమైంది. నేల మీదే గుర్తులు లోపలికీ బయటికీ వేర్వేరు చోట్లు చూపిస్తే, ఆ క్రమాన్నే పాటిస్తాం.

బయటికి వచ్చే లింకుకు ఇంకో షరతు పెట్టాం. ఎడమ చివర నుంచి బయటపడిన కారు కుడి చివరి ఎగ్జిట్ అందుకోవాలంటే నాలుగు లేన్లు దాటాలి. ఒక్కో లేన్ మారడానికి 800 అడుగులు కావాలని లెక్క పెట్టుకున్నాం. నాలుగింటికి 3,200 అడుగులు, అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ. అంతకంటే దగ్గరున్న ఎగ్జిట్‌కు ఆ లింకు నుంచి వెళ్లకూడదని టర్న్ నిషేధం రాశాం. దీన్ని నిషేధంగా కాక సమయపు జరిమానాగా రాస్తే చాలదా అని ఒక సహోద్యోగి అడిగారు. చాలదు. సాధారణ లేన్లు పూర్తిగా స్తంభించిన సాయంత్రం ఏ జరిమానా అయినా చిన్నదే అవుతుంది, సరిగ్గా ఆ సాయంత్రమే నాలుగు లేన్లు అడ్డంగా దాటడం అన్నిటికంటే ప్రమాదం.

సూచన మాట కూడా లింకు రకం మీద ఆధారపడి ఉంటుంది. లింకును మామూలు ఫ్రీవే రాంపుగా ట్యాగు చేస్తే యాప్ “ఎడమవైపు ఎగ్జిట్ తీసుకోండి” అంటుంది. ఫ్రీవే వదిలి వెళ్లాలేమోనని డ్రైవరు కంగారుపడతారు. అందుకని ఈ లింకులకు ప్రత్యేకమైన గుర్తు పెట్టి, “ఎక్స్‌ప్రెస్ లేన్లలోకి మారండి, తరువాత దిగగలిగేది కౌంటీ లైన్ దగ్గర” అనే మాట వచ్చేలా చేశాం. రెండో సగమే ముఖ్యం. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే మా పిన్నిగారి అబ్బాయి ఆ రోజు మ్యాపు మాట పక్కనపెట్టి సాధారణ లేన్లలోనే ఉండిపోయేవాడు.

ఎవరికి అనుమతి

మా పాత డేటాలో 91 ఎక్స్‌ప్రెస్ గీతకు కార్‌పూల్‌కే కేటాయించినదనీ, కనీసం ముగ్గురనీ ట్యాగులుండేవి. దాని ఫలితంగా, ఒంటరి ప్రయాణికుల కోసం దారి వెతికే కొన్ని ఇంజిన్లు దాన్ని పూర్తిగా మూసివున్నట్టు చూశాయి. నిజానికి టోల్ చెల్లిస్తే ఒంటరివారూ వెళ్లవచ్చు. దీన్ని కార్‌పూల్ లేన్‌గా కాక, కార్‌పూల్‌కు రాయితీ ఉన్న టోల్ దారిగా రాయాలి. ఆరెంజ్ కౌంటీ భాగంలో ముగ్గురు లేక అంతకుమించి ఉన్న కార్లకు టోల్ లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 6 గంటల మధ్య తూర్పుగా వెళ్లేవాటికి మాత్రం సగం టోల్. టోల్ మొత్తం గంటగంటకూ మారుతుంది, అయితే ముందే ప్రకటించిన పట్టిక ప్రకారమే. కాబట్టి అనుమతి అందరికీ, ధర మాత్రం దిశ, వారం, వేళ, ప్రయాణికుల సంఖ్య అనే నాలుగింటి మీద ఆధారపడినది. అనుమతికి సంబంధించిన ట్యాగులో ధరను దూర్చడమే మా పాత పొరపాటు.

ఇంజిన్ వైపు నుంచి ఇది కష్టం కాదు. ఉదాహరణకు వల్‌హల్లా అనే బహిరంగ రూటింగ్ ఇంజిన్‌లో ఇద్దరి కార్‌పూల్ లేన్లు, ముగ్గురి కార్‌పూల్ లేన్లు, టోల్‌తో కూడిన కార్‌పూల్ లేన్లు వాడవచ్చా లేదా అని విడివిడిగా అడిగే వీలుంది. మేము పట్టుబట్టింది ఒక్క విషయం మీదే: వాడుకరి ఏమీ చెప్పకపోతే కారులో ఒక్కరే ఉన్నారని, టోల్ దారికి ఒప్పుకోలేదని అనుకోవాలి. ఈ ఊహ తప్పయితే డ్రైవరు కొన్ని నిమిషాలు పోగొట్టుకుంటారు. తలకిందులుగా ఊహించి తప్పయితే జరిమానా నోటీసు ఇంటికొస్తుంది.

పరీక్షలు, వేగాలు

మార్పులు విడుదల చేసే ముందు ఎక్కడ నుంచి ఎక్కడికి, ఎంతమందితో, ఏ వేళ వెళితే ఏ దారి రావాలో చేత్తో రాసుకుని సరిచూశాం. 55 నుంచి వియర్ కాన్యన్‌కు ముగ్గురున్నా సరే సాధారణ లేన్లే రావాలి. 55 నుంచి కరోనాకు ముగ్గురితో ఎక్స్‌ప్రెస్ రావచ్చు. లేక్‌వ్యూ దగ్గర ఫ్రీవే ఎక్కినవారికి కౌంటీ లైన్ దాకా ఎక్స్‌ప్రెస్ ఊసే రాకూడదు. ఈ మూడో రకం ప్రయాణం మా పాత డేటాలో తప్పింది, ఇంపీరియల్ హైవే దగ్గర ఇంకో దొంగ లింకు ఉన్న సంగతి అలా బయటపడింది. దాన్నీ పుట్టించింది అదే ప్రోగ్రాము.

జీపీఎస్ జాడలను గీతలకు అతికించే పద్ధతిని కూడా మార్చక తప్పలేదు. దగ్గరి గీతను కాక, ఆ గీతను చేరడానికి దారి ఉందా అన్నది ముందు చూస్తున్నాం. 55 దగ్గర సాధారణ లేన్లలోకి వెళ్లిన కారు కౌంటీ లైన్ దాకా సాధారణ లేన్లలోనే ఉండి తీరాలి. మధ్యలో జీపీఎస్ ఎంత ఎడమకు లాగినా వినకూడదు. దీనితో కొత్త లింకులు సూచించే ప్రోగ్రాముకు అందే తప్పుడు ఆధారం కూడా ఆగిపోయింది.

వేగాల లెక్క అక్కడి నుంచే చక్కబడింది. సాయంత్రం సాధారణ లేన్లు గంటకు 15 మైళ్లతో పాకుతుంటే ఎక్స్‌ప్రెస్ 65తో వెళుతున్న సందర్భాన్ని ఊహించండి. రెండింటి జాడలూ కలిసిపోతే సగటు 40 అని వస్తుంది, ఆ వేగంతో వెళుతున్న కారు రోడ్డు మీద ఒక్కటీ ఉండదు. ఒంటరి డ్రైవరుకు చేరే సమయం తక్కువగానూ, కార్‌పూల్ డ్రైవరుకు ఎక్కువగానూ చూపిస్తాం. టోల్ చెల్లించే ఒంటరి డ్రైవర్లను కార్‌పూల్ లేన్లలోకి అనుమతించే సంస్థలు రద్దీ వేళల్లో 90 శాతం సమయం కనీసం 45 మైళ్ల సగటు వేగాన్ని నిలబెట్టాలని అమెరికా ఫెడరల్ చట్టం కోరుతుంది. రెండు రకాల లేన్ల మధ్య వేగంలో ఇంత తేడా ఉండేలా ఆ దారులను ఉద్దేశపూర్వకంగానే నిర్వహిస్తారు కాబట్టి, వాటి వేగాలను కలిపేయడం చిన్న లోపం కాదు.

ఇంకా మిగిలినది

విడుదలయ్యాక మా పిన్నిగారి అబ్బాయి అదే దారిలో మూడుసార్లు వెళ్లి జాడలు పంపాడు. రెండుసార్లు అంతా సరిగా ఉంది. మూడోసారి అతను సాధారణ లేన్లలో ఉండగా ఇంపీరియల్ హైవే దాటిన తరువాత ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది, తిరిగి వెలిగేసరికి యాప్‌కు వెనకటి జ్ఞాపకం లేదు. ఎడమ లేన్‌లో ఉన్న కారును చూసి ఎక్స్‌ప్రెస్‌లో ఉందనుకుని, వియర్ కాన్యన్ అందదని తేల్చి, కౌంటీ లైన్ దాకా వెళ్లి వెనక్కి రమ్మని కొత్త దారి చెప్పింది. మధ్యలో మేలుకున్న యాప్ సాధారణ లేన్లనే ఊహించాలని, కారు వేగం చుట్టుపక్కల సాధారణ లేన్ల వేగంతో కొంతసేపు పోల్చి చూశాకే ఆ ఊహ మార్చుకోవాలని ఇప్పుడు రాశాం. రెండు వైపులా ఒకే వేగంతో సాగే ఆదివారం ఉదయాన ఈ పోలిక ఏమీ తేల్చదు. అప్పుడు రెండు దారులకూ సరిపోయే సూచన మాత్రమే ఇచ్చి, మీరు ఎక్స్‌ప్రెస్ లేన్లలో ఉన్నారా అని స్క్రీన్ మీద ఒక్క మాట అడిగే ఏర్పాటును ఈ నెలలో పరీక్షిస్తున్నాం.